ఐర్లండ్‌లోని ట్రిమ్ ఊరిని ఒక్క రోజులో సరిగ్గా చూడటం ఎలా?

డబ్లిన్‌లో ఉండే మనవాళ్లెవరైనా "మేమూ ట్రిమ్ వెళ్లొచ్చాం" అంటే నేను అడిగేది ఒకటే: "కోట పైకెక్కారా?" చాలామంది "అదేంటి, పైకి ఎక్కనిస్తారా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. కారు ఆపడం, గోడ ముందు నాలుగు ఫోటోలు, ఓ కాఫీ, అక్కణ్నుంచి వేల ఏళ్ల నాటి సమాధి ఉన్న న్యూగ్రేంజ్‌కి పరుగు. అరగంటలో ట్రిమ్ అయిపోయిందనిపిస్తారు. ఈ ఊరికి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పోయింది, చుట్టాలు వచ్చిన ప్రతిసారీ గైడ్ పని నాదే. అందుకే వరస చెబుతున్నాను. ఈ వరస తప్పితే రోజు పాడవుతుంది.

ముందు సామాను. వానకోటు, పట్టున్న బూట్లు, నీళ్లసీసా, ఓ డబ్బాలో పులిహోర. గొడుగు వద్దు, గాలికి అది పువ్వులా విచ్చుకుని మీ చేతిలోనే చచ్చిపోతుంది. నెల ఏదంటే, ఏప్రిల్ గానీ సెప్టెంబర్ గానీ. జూన్, జూలైలు మంచివని అందరూ చెబుతారు, నేను ఒప్పుకోను. కారణం ఆఖర్లో చెబుతాను.

ఎలా వెళ్లాలి? డబ్లిన్‌లో బుసారస్ బస్టాండు నుంచి బస్ ఏరన్ వారి 111 నంబరు బస్సు. దూరం సుమారు 50 కిలోమీటర్లు, ట్రాఫిక్‌ని బట్టి గంట అటూ ఇటూ. ఆదివారాలు బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ కూడా ముందే చూసి పెట్టుకోండి. కారులో వెళితే ఏం పోయింది అంటారా? కారు పార్కింగ్‌లో ఉందంటే మనసూ అక్కడే ఉంటుంది. ఈ ఊరు నది వెంట నడిచి చూడాల్సిందిగానీ కారు అద్దంలోంచి కాదు. ఇక న్యూగ్రేంజ్, పాతకాలపు ఐరిష్ రాజుల టారా కొండ, ట్రిమ్ మూడూ ఒకే రోజులో చూపిస్తామనే టూర్ల గురించి నన్ను అడగకండి. తిరుపతి, కాణిపాకం, శ్రీకాళహస్తి ఒక్క పూటలో అయిపోవాలనుకునే బాపతు అది. దండం పెట్టినట్టూ ఉండదు, చూసినట్టూ ఉండదు.

బస్సు దిగగానే ఏం చేయాలో ఇప్పుడు చెబుతాను. మనవాళ్లు చేసే తప్పంతా ఇక్కడే. కాఫీకి వెళ్లకండి. ఫోటోలకి ఆగకండి. నేరుగా కోట టికెట్ల గదికి వెళ్లండి.

ఎందుకంటే అక్కడ టికెట్లు రెండు రకాలు. ఒకటి ఆవరణకి మాత్రమే, లోపల పచ్చిక మీద తిరిగి రావచ్చు. రెండోది కోట నడుమ నిలబడ్డ పెద్ద కట్టడం లోపలికి. దాన్ని ఇక్కడివాళ్లు 'కీప్' అంటారు, మనం నడికోట అనుకుందాం. నడికోటలోకి గైడ్ వెంటే వెళ్లాలి, ఒక్కో విడతకి ఇంతమందే అని లెక్క ఉంటుంది. వేసవి సెలవుల్లో, ఎండ కాసిన శనివారాల్లో ఆ లెక్క ఎప్పుడు నిండిపోతుందో చెప్పలేం. కౌంటర్ దగ్గర "ఒక పెద్ద టికెట్" అని ఊరుకుంటే చవక టికెట్ చేతిలో పడొచ్చు. "గైడ్‌తో కీప్ లోపలికి" అని నోరు తెరిచి చెప్పండి. వేళ ఏమిటో అడగండి. ఆ వేళని బట్టి మిగతా రోజంతా సర్దుకోండి, రోజుని బట్టి దాన్ని కాదు. కోట మూసే వేళ చూసుకుని ధీమాగా ఉండకండి. ఆఖరి విడత అంతకు చాలా ముందే వెళ్లిపోతుంది. చలికాలంలో తెరిచే రోజులూ వేళలూ కుదించేస్తారు కూడా.

ఒకసారి మా బావగారి కుటుంబం విజయవాడ నుంచి వచ్చింది. మామూలు పనిరోజేగా, ఎవరుంటారులే అనుకుని నేనే తాపీగా బయల్దేరదీశాను. దారిలో భోజనం, ఇంకో కాఫీ. మూడింటికి కౌంటర్ ముందు నిలబడితే విడత నిండిపోయింది, తర్వాత ఇంక లేదు. సన్నగా వాన. అత్తయ్య రుమాలు నెత్తి మీద వేసుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డారు. బావగారు మాత్రం "గోల్కొండ చూసినవాళ్లం, దీనికి లోపలికి కూడా వెళ్లాలా" అని నన్ను ఓదార్చబోయారు. గోల్కొండకీ దీనికీ పోలికే లేదని ఆయనకి చెప్పాలంటే లోపలికే తీసుకెళ్లాలి. అదే కుదర్లేదు.

పోలిక ఎందుకు లేదంటే, గోల్కొండ కొండని నమ్ముకున్న కోట. ట్రిమ్‌లో కొండ లేదు, ఉన్నది బోయ్న్ నదిలో దాటడానికి వీలైన ఓ రేవు. ఊరి ఐరిష్ పేరుకి అర్థం కూడా ఎల్డర్ చెట్ల దగ్గరి రేవు ఉన్న ఊరు అనే. ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ 1172లో మీథ్ సీమ మొత్తాన్ని హ్యూ డి లేసీ అనే నార్మన్ దొరకి రాసిచ్చాడు. రేవు ఎవరిదైతే దారి వాళ్లది కాబట్టి అతను ఇక్కడ మట్టికట్ట, కర్రదడితో గబగబా ఓ కోట లేపి, హ్యూ టిరెల్ అనే తన మనిషికి అప్పజెప్పి వెళ్లాడు. కానాక్ట్ రాజు రోరీ ఓ కానర్ దండెత్తి వస్తున్నాడని తెలిసి టిరెల్ ఆ కోటకి తానే నిప్పుపెట్టి పారిపోయాడు. ఇప్పుడు మనం చూసే రాతికోట ఆ బూడిద మీద లేచింది. డి లేసీ మొదలుపెట్టాడు, అతని కొడుకు వాల్టర్ పూర్తిచేశాడు, పని ముప్పయ్యేళ్లు సాగింది. ఐర్లండ్‌లో ఆంగ్లో-నార్మన్లు, అంటే ఇంగ్లండ్ నుంచి వచ్చిన నార్మన్లు, కట్టిన కోటలన్నిట్లోకీ పెద్దది ఇదే. తండ్రి మాత్రం పూర్తయ్యాక చూడలేదు. 1186లో డరో అనే చోట ఇంకో కోట పని చూస్తుండగా గొడ్డలి దెబ్బకి చచ్చిపోయాడు.

సరే, టికెట్ దొరికింది. నడికోట ఎక్కేముందు కొన్ని జాగ్రత్తలు.

మెట్లు రాతివి, ఇరుకు, మెలికలు తిరుగుతూ పైకి వెళతాయి. అరిగి నునుపెక్కాయి, వాన రోజున తడి కూడా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని "ఏం ఫర్లేదు, మెల్లగా ఎక్కుదాం" అని లాక్కెళ్లకండి. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే వీలు తక్కువ, వెనక జనం ఉంటారు. చంటిబిడ్డని చంకనేసుకుని ఎక్కాలనే ఆలోచన మానుకోండి, ఒక చెయ్యి గోడకి కావాలి. పిల్లల బండి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే వేర్వేరు విడతలకి టికెట్ తీసుకోండి, ఒకరు ఎక్కితే ఒకరు కింద పిల్లల్ని చూసుకోవచ్చు. ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ముందే గైడ్‌తో చెప్పాలి, పైన సన్నటి దారిలో ఆగిపోతే ముందుకీ వెనక్కీ ఎవరూ కదల్లేరు. ఇంకోటి, ఫోన్ పట్టుకుని మెట్లు దిగకండి. ఎక్కడం కంటే దిగడమే కష్టం. పట్టుచీర కట్టి ఫోటోలు తీయించుకోవాలంటే కింద పచ్చికలో తీయించుకోండి, కుచ్చిళ్లు ఒక చేత్తో, బ్యాగు ఒక చేత్తో పట్టుకుని ఈ మెట్లు దిగడం నేను కళ్లారా చూశాను, రెండోసారి చూడలేను.

లోపల నేల అంతస్తులో కోట నమూనాలుంటాయి, అది ఎలా పెరిగిందో దశలవారీగా చూపిస్తారు. అందరూ పైకి తొందరపడుతుంటే మీరు అక్కడ నిలబడండి. బయటి నుంచి ఎంత చూసినా ఈ కట్టడం ఆకారం బుర్రకెక్కదు. నమూనా చూస్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. నడుమ ఓ చదరం, నాలుగు ముఖాలకీ అతికించినట్టు నాలుగు చిన్న బురుజులు, వెరసి సిలువ ఆకారం. మూలలు లెక్కపెట్టండి, ఇరవై వస్తాయి. ఉత్తరపు బురుజు కూలిపోయింది, మూడు మిగిలాయి. అన్ని మూలలుంటే కాపలా కాసేవాడికి చాకిరీ ఎక్కువ. ఇది యుద్ధం కోసం కట్టిన లెక్క కాదు, దర్పం కోసం కట్టిన లెక్క అని నా గట్టి నమ్మకం. పైకెక్కేటప్పుడు గోడలో వరసగా చదరపు కన్నాలు కనిపిస్తాయి. వాటిని చాలామంది బాణాల కన్నాలు అనుకుంటారు. కావు, తాపీవాళ్లు సారువ కర్రలు దూర్చిన కన్నాలు. మన మేస్త్రీలు ఇప్పటికీ అలాగే దూరుస్తారు.

పైకి చేరాక ముందు నది ఎటు తిరిగిందో చూడండి, తర్వాత అవతలి గట్టు మీద ఒంటరిగా నిలబడ్డ గోపురం, ఆ తర్వాత దూరంగా కింద ప్రవాహం వెంట ఉన్న శిథిలాలు. మీ మిగతా రోజు దారి అంతా అదే.

గైడ్ 1994లో ఇక్కడ జరిగిన 'బ్రేవ్‌హార్ట్' షూటింగ్ గురించి చెబుతాడు, ఈ కోట తెరమీద యార్క్ నగరమైంది. వినండి, నవ్వండి, అక్కడితో వదిలేయండి. అసలు విశేషం వేరే ఉంది. తర్వాత ఇంగ్లండ్‌కి ఐదో హెన్రీ అయిన కుర్రాణ్ని 1399లో అప్పటి రాజు రెండో రిచర్డ్ ఈ కోటలోనే నిర్బంధంలో ఉంచాడు.

కోట అయ్యాక చిన్న వంతెన దాటి అవతలి గట్టుకి రండి. అక్కడి పచ్చిక మైదానాల్ని పోర్చ్‌ఫీల్డ్స్ అంటారు. పులిహోర డబ్బా తెరవాల్సిన చోటు ఇదే, ఇంకెక్కడా కాదు. నది, నది వెనక కోట మొత్తం ఒకే చూపులో కనిపిస్తాయి. అక్కణ్నుంచి ప్రవాహం వెంట అరగంట నడిస్తే న్యూటౌన్. దారి చదునుగా ఉంటుంది, తప్పిపోయే ప్రశ్నే లేదు.

న్యూటౌన్‌లో ఉన్నది 1206లో సైమన్ డి రోష్‌ఫోర్ట్ అనే బిషప్ స్థాపించిన కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) తాలూకు మొండిగోడలు. పక్కనున్న శ్మశానంలో సర్ లూకస్ డిలన్, ఆయన భార్య జేన్ బాత్ రాతి బొమ్మలు పడుకుని ఉంటాయి. ఇద్దరి మధ్యా ఓ కత్తి. ఊళ్లో వాళ్లకి 'అసూయపడే మొగుడూ పెళ్లాం' అని పేరు. బొమ్మల మధ్య నిలిచిన వాననీళ్లలో గుండుసూదులు కనిపిస్తాయి, కొన్ని కొత్తవి, కొన్ని తుప్పుపట్టి రాతికి ఎర్రటి మరక అంటించినవి. పులిపిరికి సూది తాకించి అక్కడ వదిలేస్తే, సూది తుప్పు పట్టేకొద్దీ పులిపిరి రాలిపోతుందట. మా అమ్మమ్మ పులిపిర్లకి ఉప్పూ మిరియాలూ మొక్కేది, కాబట్టి నాకు నవ్వు రాలేదు. సూదులు ముట్టుకోకండి, ఆ పులిపిర్లు మీకొస్తాయని కూడా అంటారు.

దగ్గర్లోనే ఎకో గేట్. అక్కడ నిలబడి నది అవతలి శిథిలాలవైపు కేకేస్తే మాట తిరిగొస్తుంది. గోల్కొండలో చప్పట్లు కొట్టినవాళ్లం కాబట్టి మనవాళ్లు ఇక్కడ కూడా చప్పట్లే కొడతారు. చప్పట్లు వద్దు. రెండు అక్షరాల మాట ఏదైనా విడిగా అరిచి ఆగండి. "ఓరేయ్" నాకు ఎప్పుడూ బాగా పలికింది.

తిరిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు టాల్బట్ కోట దాటుతారు, 1415 నాటిది. బయటి నుంచి చూస్తే చాలుగానీ ఒక్క నిమిషం ఆగండి. గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ చిన్నతనమంతా ఈ ఇంట్లోనే, బడి నడిపే బాబాయి దగ్గర గడిచింది. 1843లో క్వాటర్నియన్లు అనే నాలుగు భాగాల సంఖ్యల్ని కనిపెట్టిన మనిషి. త్రీడీ గ్రాఫిక్స్, గేముల్లో పనిచేసే మన పిల్లలు ఆయన లెక్కతోనే జీతం తీసుకుంటున్నారు. ఆ బాబాయి పిల్లవాడికి సంస్కృతం కూడా నేర్పించాడు.

ఊళ్లో ఓ ఎత్తయిన స్తంభం, దాని మీద వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ విగ్రహం కనిపిస్తాయి. 1817లో నిలబెట్టారు. ఆయన ఇంటివాళ్లు దగ్గర్లోని డాంగన్ వాళ్లు, 1790లో ట్రిమ్ తరఫునే ఐరిష్ పార్లమెంటులోకి వెళ్లాడు. మనవాళ్లు దీన్ని చూడకుండా వెళ్లిపోతారు. ఆ వెల్లింగ్టన్ అన్నగారు రిచర్డ్ ఎవరో తెలుసా? మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చిన, సైన్య సహకార ఒప్పందం వెల్లస్లీ. గ్రూప్ పరీక్షలకి చదివినవాళ్లకి నిద్రలో లేపినా గుర్తుండే పేరు. 1798లో నిజాం చేత సంతకం పెట్టించింది, 1800లో ఇప్పటి రాయలసీమలో చాలా భాగాన్ని దత్త మండలాలుగా ఈస్టిండియా కంపెనీకి రాయించుకుంది ఆయన హయాంలోనే. మా ఊరు కడప దగ్గర. ఈ స్తంభం కింద నిలబడ్డప్పుడల్లా నాకు కాస్త కోపం, కాస్త తమాషా.

ఇక ఆఖరిది ఎల్లో స్టీపుల్. కోట పైనుంచి చూసిన ఆ ఒంటరి గోపురం. సెయింట్ మేరీ మఠం తాలూకు గంటగోపురం, ఎత్తు సుమారు 40 మీటర్లు, ఒక పక్క కూలిపోయింది. పగలు చూస్తే మామూలు బూడిదరంగు రాయి. దిగే పొద్దు ఎండ తగిలితే పసుపు తిరుగుతుంది, పేరు అందుకే. జూన్‌లో సూర్యుడు పదింటికి గానీ దిగడు, మీ బస్సు అంతసేపు ఉండదు. ఏప్రిల్, సెప్టెంబర్లయితే ఎనిమిదికి అటూ ఇటూ, చూసి మరీ బస్సెక్కొచ్చు. అదే నేను ముందు దాచిన కారణం.

మబ్బు పడితే ఏమీ జరగదు, అది మీ అదృష్టం. బస్‌స్టాప్‌కి పది నిమిషాల ముందే చేరండి. బస్సు కనిపించగానే చెయ్యి చాచండి. డ్రైవర్ తనంతట తానే ఆపుతాడని ఫోన్ చూసుకుంటూ నిలబడితే మీ ముందునుంచే వెళ్లిపోతుంది.