స్ట్రాంగ్ ఏల్ సీసాలను ఏళ్ల తరబడి దాచడం ఎలా

బీరు తాజాగా తాగాలన్నది దాదాపు అన్ని సీసాలకూ వర్తించే మాటే. వర్తించనివి కొన్నే: ఇంగ్లండ్ బార్లీ వైన్లు (పేరులో వైన్ ఉన్నా ఇవి స్ట్రాంగ్ బీర్లే), ఓల్డ్ ఏల్స్ (ఏల్ అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే బీరు), ఇంపీరియల్ స్టౌట్లనే నల్లటి స్ట్రాంగ్ బీర్లు, బెల్జియం మఠాల్లో కాచే ముదురు రంగు ఏల్స్. ఇంగ్లండ్‌లోని డార్చెస్టర్‌లో ఎల్డ్రిడ్జ్ పోప్ బ్రూవరీ వాళ్లు 1968లో మొదలుపెట్టిన థామస్ హార్డీస్ ఏల్ 25 ఏళ్లు నిలుస్తుందని సీసా మీదే రాసేవారు. అయితే దాచిన ప్రతి సీసా బాగుపడదు. కొన్ని రుచులు పోతాయి, కొన్ని వస్తాయి. వచ్చినవి పోయినవాటికంటే మేలుగా ఉన్న రోజుల్లోనే సీసా తీయాలి. ఆ రోజులు పట్టుకోవడమే అసలు పని.

ఏవి దాచాలి

ఆల్కహాల్ 9 శాతం పైన ఉండాలి, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) దండిగా ఉండాలి. సీసా అడుగున ఈస్టు ఉన్నవైతే ఇంకా మంచిది, ఎందుకంటే మూత వేసేటప్పుడు లోపల చిక్కుకున్న ఆక్సిజన్‌లో కొంత భాగాన్ని ఆ ఈస్టు వాడేసుకుంటుంది. అమెరికాలో సియెర్రా నెవాడా బిగ్‌ఫుట్ (9.6 శాతం), మాంచెస్టర్‌లో జె. డబ్ల్యూ. లీస్ హార్వెస్ట్ ఏల్ (11.5 శాతం, 1986 నుంచి వస్తోంది), బెల్జియంలో రోష్‌ఫోర్ 10 (11.3 శాతం) మొదలుపెట్టడానికి మంచి సీసాలు.

హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) దండిగా వేసే ఐపీఏ అనే ఏల్ ఎంత స్ట్రాంగ్ అయినా దాచకండి. దాని ప్రాణమంతా హాప్స్ వాసనలోనే ఉంది, అది నెలల్లోనే పోతుంది. కాఫీ కలిపిన స్టౌట్ కూడా వద్దు, ఏడాది దాటేసరికి కాఫీ పోయి పచ్చి క్యాప్సికమ్ వాసన మిగలొచ్చు. మన దగ్గర ‘స్ట్రాంగ్’ అని అమ్మే సీసాలు 8 శాతం వరకూ ఉన్నా అవి పలచని లాగర్లు, అంటే చల్లగా పులియబెట్టే బీర్లు. దాస్తే తడిసిన అట్టపెట్టె వాసన వేస్తాయి తప్ప ఇంకేమీ రాదు.

6.2 శాతమే ఉన్న ఓర్వల్ అనే బెల్జియం మఠం ఏల్ మాత్రం వీటన్నిటికీ భిన్నం. అందులో బ్రెటానోమైసెస్ అనే ఈస్టు ఉంటుంది. మామూలు ఈస్టు వదిలేసిన చక్కెరలను అది నెలల తరబడి తింటూ, గుర్రపు జీను తోలును గుర్తుచేసే వాసన తెస్తుంది.

లోపల ఏం జరుగుతుంది

బార్లీ వైన్ రకమైన బిగ్‌ఫుట్‌నే తీసుకుందాం. కొత్త సీసాలో గ్రేప్‌ఫ్రూట్, పైన్ ఆకు వాసన, నాలుక మీద గట్టి చేదు, గొంతులో మంట ఉంటాయి. మొదటి ఏడాదిలో వాసనే ముందు పోతుంది. చేదు మెల్లగా తగ్గుతుంది. దానికి మూలమైన ఐసో ఆల్ఫా ఆమ్లాలు రెండు రూపాల్లో ఉంటాయి, వాటిలో ట్రాన్స్ రూపం ముందు విరుగుతుంది, సిస్ రూపం ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే చేదు ఒక్కసారిగా పోకుండా మెత్తబడుతుంది. చేదు పక్కకు జరిగేకొద్దీ మాల్టు తీపి ముందుకొస్తుంది. ఆల్కహాల్ శాతం మాత్రం మారదు, మంట తగ్గినట్టు అనిపిస్తుంది అంతే.

మూడో ఏడాది నుంచి ఆక్సిజన్ పని స్పష్టంగా తెలుస్తుంది. పలచని బీరును పాడుచేసే ఆ ఆక్సిజనే ఇక్కడ ఎండు ద్రాక్ష, ఖర్జూరం, తేనె, షెర్రీ (స్పెయిన్‌లో చేసే గట్టి వైన్) రుచులు తెస్తుంది. కొత్తలో ఉండే అరటిపండు వాసన తగ్గుతుంది. రంగు ఒక పట్టు ముదురుతుంది. మంచి బార్లీ వైన్‌కు మూడు నుంచి ఏడేళ్ల మధ్యకాలమే తాగడానికి ఉత్తమమని మా అభిప్రాయం. ఆ తర్వాత చచ్చిన ఈస్టు కణాలు పగిలి సోయా సాస్, మాంసం పులుసు రుచి రావడం మొదలవుతుంది. అది కొద్దిగా ఉంటే లోతుగా అనిపిస్తుంది. ఎక్కువైతే గ్లాసు పక్కన పెట్టేస్తారు.

ఎక్కడ, ఎలా

10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ ఉండే చోటు సరైనది. మార్పులన్నీ రసాయన చర్యలే కాబట్టి, ఇంచుమించు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ వేగం రెండు మూడు రెట్లవుతుంది. మే నెలలో హైదరాబాద్ ఇంటి అల్మారాలో పెట్టిన సీసా రెండు వేసవులకే ముసలిదైపోతుంది, అదీ వంకరగా: షెర్రీ రాకముందే అట్టముక్క వాసన వస్తుంది. ఇక్కడ దాచాలంటే 12 డిగ్రీల దగ్గర పెట్టిన వైన్ ఫ్రిజ్ తప్పదు. మామూలు ఫ్రిజ్‌లో పెడితే పాడవదు గానీ, మార్పు చాలా నెమ్మదిస్తుంది.

న్యూజెర్సీలోనో షికాగోలోనో బేస్‌మెంట్ ఉన్నవాళ్లు ఫర్నేస్‌కూ వాటర్ హీటర్‌కూ దూరంగా, నేలను ఆనుకున్న మూల చూసుకోండి. అక్కడ ఒక మాక్సిమమ్-మినిమమ్ థర్మామీటర్ పెట్టి వేసవి, చలికాలం రెండూ గమనించండి. 15 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే మూల, 8కీ 20కీ మధ్య ఊగే మూలకంటే మేలు. వేడీ చలీ మారినప్పుడల్లా సీసాలో ఒత్తిడి పెరిగి తగ్గి మూత మీద భారం పడుతుంది.

సీసాలను నిలబెట్టే ఉంచండి. మడ్డి అడుగున కుదురుకుంటుంది, గాలికి తగిలే బీరు తక్కువ. కార్క్ సీసాలనైనా అలాగే ఉంచమంటాం. వెలుతురు తగలనివ్వొద్దు, గోధుమరంగు గాజు చాలావరకు ఆపుతుంది గానీ పూర్తిగా ఆపదు. మూత మీద మైనం పోస్తే బయటి గాలి కొంత తగ్గుతుంది. లోపల ముందే ఉన్న ఆక్సిజన్‌ను అది ఏమీ చేయలేదు.

ఒక్క సీసా దాచడం దండగ. ఒకే ఏడాదివి ఆరు కొనండి. ఒకటి వెంటనే తాగి వాసన, చేదు, తీపి, గ్యాస్, చిక్కదనం రాసిపెట్టండి. మిగతావాటి మెడకు మాస్కింగ్ టేపు చుట్టి కొన్న తేదీ, తయారైన ఏడాది రాయండి. 1, 2, 3, 5 ఏళ్లకు ఒక్కోటి తీయండి. ఈసారి సీసా రుచిలో పోయినసారికంటే దిగువన ఉంటే ఇంక ఆగకండి, మిగిలినవి ఆ ఏడాదే తాగేయండి. ఇంకో రెండేళ్లు చూద్దామనుకునే దగ్గరే చాలామంది మంచి సీసాలు పోగొట్టుకుంటారు.

తీసేటప్పుడు

చోటు మార్చిన సీసాను మూడు రోజులు కదపకండి. 12–14 డిగ్రీల దగ్గర, నోరు సన్నగా ఉన్న గ్లాసులో 100 మిల్లీలీటర్లు పోయండి. ఒంపిన సీసాను మళ్లీ నిటారుగా ఎత్తితే మడ్డి లేచిపోతుంది, కాబట్టి ఒకే ఒంపులో గ్లాసులన్నీ నింపి అడుగున సెంటీమీటరున్నర వదిలేయండి. తేలే పొరల్లాంటి ముక్కలు ప్రొటీన్, పాలీఫినాల్ కలిసి గడ్డకట్టినవి, హాని లేదు. నురుగు రాకపోయినా కంగారు వద్దు, ఏళ్లు గడిచేకొద్దీ గ్యాస్ మూత సందుల్లోంచి కొంచెం కొంచెంగా పోతుంది. మూత తీయగానే నురుగు ఎగజిమ్మితే మాత్రం లోపల అడవి ఈస్టో బ్యాక్టీరియానో చేరిందని అనుమానించాలి. ఆ బ్యాచ్‌లో మిగతావాటిని బాగా చల్లబరిచి, సింక్‌లో పెట్టి తీయండి.

వేర్వేరు ఏళ్ల సీసాలు పక్కపక్కన రుచి చూడాలంటే కొత్తది ముందు, పాతది చివర. మనిషికి ఒక్కోటి 60 మిల్లీలీటర్లు చాలు, మధ్యలో నీళ్లు, ఉప్పు లేని రొట్టె పెట్టుకోండి.