డెస్క్‌టాప్ సందేశాలు చదవడం – 3వ పాఠం: 41 అనే ఎర్ర గుర్తు

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగిన సంగతులను ఒక్కో నంబరుతో రాసుకునే చిట్టా) తెరవడం, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ దాకా వెళ్లడం కిందటి పాఠంలో చూశాం. ఇప్పుడు అక్కడి వేల వరసల్లోంచి కంప్యూటర్ ఎప్పుడు, ఎలా ఆగిందో చెప్పేవి ఏరుకుందాం.

కుడివైపు ‘ఫిల్టర్ కరెంట్ లాగ్’ నొక్కి, ‘ఆల్ ఈవెంట్ ఐడీస్’ అని ఉన్న గడిలో 41,1074,6005,6006,6008 కొట్టి ఓకే చేయండి. కొత్తవి పైన ఉంటాయి కాబట్టి కిందినుంచి పైకి చదవాలి.

కంప్యూటర్ సవ్యంగా ఆగితే 1074, దాని తర్వాత 6006 (చిట్టా రాయడం ఆగింది), మళ్లీ ఆన్ చేసినప్పుడు 6005 (చిట్టా మొదలైంది) పడతాయి. ఏ ప్రోగ్రామ్, ఏ యూజర్ ఆపమన్నారో 1074లోనే రాసి ఉంటుంది. రాత్రిపూట దానంతటదే రీస్టార్ట్ అయితే వైరస్సేమోనని భయపడేవాళ్లు ముందు అది తెరవాలి. ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ (విండోస్ అప్‌డేట్లు ఎక్కించే ప్రోగ్రామ్) పేరు ఉంటే చాలావరకు అది అప్‌డేట్ పనే.

ఇక ఎర్ర గుర్తుతో ఉండే 41. దీన్ని రాసే విండోస్ భాగం పేరు కెర్నల్-పవర్. ఇది కనబడగానే ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) మార్చేయమంటారు. డబ్బు పెట్టకముందు ఆగండి. కిందటిసారి సరిగ్గా మూయలేదని మాత్రమే 41 చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు. పైగా దీన్ని విండోస్ మళ్లీ లేచాక రాసుకుంటుంది. 41 పక్కన ఉదయం 9:12 అని ఉంటే అది లేచిన సమయం. ఆగిన సమయం 6008 సందేశం లోపల ఉంటుంది, రాత్రి 10:47 అని కనబడవచ్చు. 6008 కూడా చూడకపోతే కంప్యూటర్ ఆగిన వేళ తేలదు.

41 మీద డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లండి. అక్కడ బగ్‌చెక్‌కోడ్ సున్నా కాకపోతే బ్లూ స్క్రీన్ (విండోస్ కుప్పకూలినప్పుడు కనబడే నీలి తెర) వచ్చినట్టే. ఆ అంకెను కాలిక్యులేటర్ ప్రోగ్రామర్ మోడ్‌లో హెక్స్‌లోకి (16 ఆధారంగా లెక్కపెట్టే పద్ధతి) మార్చండి. ఉదాహరణకు 159 అంటే 9ఎఫ్: నిద్రలోకి వెళ్లేటప్పుడో లేచేటప్పుడో ఏదో డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) బదులివ్వలేదు. కోడ్ సున్నా ఉండి పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్‌లో అంకె ఉంటే, ఎవరో పవర్ బటన్ నొక్కిపట్టారు. రెండూ సున్నాలైతే కరెంటు పోయి ఉండాలి, లేదా సిస్టమ్ పూర్తిగా బిగుసుకుపోయి ఉండాలి.

అప్పుడు యూపీఎస్‌ని పరీక్షించండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి దాని ప్లగ్ తీసేసి, ఆ చోట 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, యూపీఎస్‌కి కరెంటిచ్చే గోడ స్విచ్ కట్టేయండి. కొన్ని సెకన్లలోనే బల్బు ఆరిపోతే మార్చాల్సింది లోపలి బ్యాటరీ. చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్‌ది (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం) ఉంటుంది, పాతదాని మీది అంకెలు చూసుకుని అదే తెచ్చుకోండి. బల్బు నిలబడితే ఎస్ఎంపీఎస్ వెనక కేబుల్ వదులుగా ఉందేమో, స్విచ్ ఆపి చూడండి.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా 6006, 6005 కనబడడం లేదా? కంగారు వద్దు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు విండోస్ పూర్తిగా మూసుకోదు, కెర్నల్‌ని (విండోస్ మూలభాగాన్ని) డిస్క్‌లో దాచుకుంటుంది. పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ ఎంచుకోండి.

అభ్యాసం: ఈ నెలలో పడిన ప్రతి 41కీ 6008లోని సమయం, బగ్‌చెక్‌కోడ్ ఒక కాగితం మీద వరసగా రాయండి. ‘ఈ యాప్ షట్‌డౌన్‌ని ఆపుతోంది’ అనే సందేశం వచ్చే పాఠంలో.