పెరట్లో కోడి కాల్పులు: ఫోనుతో హాస్యచిత్రం తీయడం ఎలా?

కడప కథ అనగానే సినిమావాళ్లకు బాంబులు, వెంటపడే జీపులు గుర్తొస్తాయి. మన పెరట్లో జరిగేవి కోడి కాల్పులు. పది నిమిషాల చిత్రానికి అవి చాలు.

ముందు కథను ఒక్క ముక్కలో చెప్పుకోండి. బార్బెక్యూ చేసి పెడతానని కొత్త అల్లుడు మాటిచ్చాడు, నిప్పు రాజుకోవడం లేదు, ఇంటినిండా చుట్టాలు ఆకలితో ఉన్నారు. నవ్వించే బాధ్యత అల్లుడిది కాదు, అరుగు మీద ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారిది. ఆవిడ ఓసారి పొయ్యి వైపు, ఓసారి పొద్దు వైపు చూసి, మెల్లగా లేచి వెళ్లి సంగటికి ఎసరు పెట్టాలి. ఆవిడకు మాటలు రాశారో, నవ్వు చచ్చినట్టే.

పొయ్యికి నేల మీద ఇసుక పరిచి, ఇటుకలు పేర్చి, పైన ఇనుప జాలీ వేయండి. ఇస్త్రీ బండివాళ్లు వాడే బొగ్గులు చాలు. నిప్పులు మాత్రం నేరుగా కడప బండ మీద పోయకండి, వేడికి పెచ్చులు ఎగురుతాయి. అలా పగిలిన బండ ఒకటి మా తులసికోట పక్కన ఇప్పటికీ ఉంది. నేను తీసిన సినిమా కంటే దాన్ని చూసినవాళ్లే ఎక్కువ.

ఏ దృశ్యం ఎప్పుడు తీయాలో నిప్పును బట్టి నిర్ణయించుకోండి. అంటించిన కొత్తలో పొగ వస్తుంది కాబట్టి దగ్గులు, కన్నీళ్లు అప్పుడే తీసేయాలి. అరగంట దాటాక బొగ్గుల మీద బూడిద పొర కడుతుంది, కాల్చే దృశ్యాలు అప్పుడు. కాలిన ముక్క మళ్లీ పచ్చిది కాదు గనుక, రెండోసారి తీయడానికి పచ్చివి, సగం కాలినవి, మాడినవి వేర్వేరు పళ్లాల్లో ఉంచుకోండి.

సాయంత్రపు ఎండ పొగకు వెనకవైపు ఉంటేనే పొగ తెరలా మెరుస్తుంది. చీకటి పడ్డాక ట్యూబులైటు కింద తీస్తే సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, 30 పెడితే బొమ్మ మినుకుమినుకుమనే ప్రమాదం ఉంది. మాటల కోసం ఇంకో ఫోనును ఉల్లిపాయల గంపలో దాచండి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే, తరువాత బొమ్మనూ ధ్వనినీ జతచేయడం తేలిక. నేను ఆ పని చేయలేదు. నా చిత్రంలో అల్లుడి గోడు వినపడదు, విసనకర్ర టపటపలే.

దగ్గరగా తీయాల్సింది ఒకటుంది. ముక్క నుంచి కొవ్వు బొట్టు జారి నిప్పు మీద పడి చుయ్యిమంటుంది, మంట లేస్తుంది, అల్లుడి చెయ్యి వెనక్కి పోతుంది, మొహంలో ధీమా మాత్రం చెక్కుచెదరదు. దీన్ని ఎక్కడా కత్తిరించకండి. మంట కోసం కిరసనాయిలు, పెట్రోలు చల్లే సాహసం వద్దు. బకెట్టు నీళ్లు, కాస్త ఇసుక పక్కనే ఉండాలి. కెమెరా ముందు నిజంగా తినే ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలి.

ఎడిటింగులో హాస్య సంగీతం జోలికి పోకండి. అత్తగారి చూపు తరువాత రెండు సెకన్లు నిశ్శబ్దం వదిలేయండి.

అందరూ వంటింట్లో చేరి సంగటి, కోడిపులుసు తినే దృశ్యాన్ని ఆఖరునే తీయండి. అప్పటికి రాత్రి తొమ్మిది దాటుతుంది, ఎవరికీ నటన నేర్పక్కర్లేదు.