ట్రాన్స్‌పరెంట్ ప్రాక్సీ (యూజర్ల మెషీన్లలో ఏ సెట్టింగూ మార్చకుండానే వాళ్ల వెబ్ ట్రాఫిక్‌ని మధ్యలో అందుకునే సర్వర్) సెట్టింగ్స్‌ని కదిలించే ముందు

- ఫైర్‌వాల్ రూల్స్, స్క్విడ్ (ప్రాక్సీ సాఫ్ట్‌వేర్) కాన్ఫిగ్ ఫైలు ముందే వేరే మెషీన్‌లో దాచుకోండి.
- రిమోట్‌గా పనిచేస్తుంటే కన్సోల్ దారి (నెట్‌వర్క్ తెగినా మెషీన్‌లోకి వెళ్లే మార్గం) కూడా ఉండాలి. ఒక్క రూల్ తప్పినా మీరే బయట చిక్కుకుపోతారు.
- 80 పోర్టు (మామూలు HTTP) ట్రాఫిక్‌ని ప్రాక్సీకి మళ్లించే రూల్‌లో ప్రాక్సీ సొంత ఐపీకి మినహాయింపు ఉందా? లేకపోతే అది బయటికి పంపిన రిక్వెస్టే తిరిగి దాని నెత్తిన పడుతుంది. లాగ్‌లో ‘ఫార్వర్డింగ్ లూప్’ అని వరసగా కనిపిస్తే ముందు ఇక్కడే వెతకండి.
- 443 పోర్టు (HTTPS) జోలికి ఇప్పుడే వద్దు. మళ్లించిన HTTP ట్రాఫిక్‌ని స్క్విడ్ అందుకునే మామూలు ఇంటర్‌సెప్ట్ పోర్టుకి దాన్ని మళ్లిస్తే సైట్లు తెరుచుకోవు.
- క్లయింట్లూ (యూజర్ల మెషీన్లు) ప్రాక్సీ ఒకే డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ చెప్పే సర్వర్) వాడుతున్నాయో లేదో చూడండి.
- ప్రాక్సీ డిస్క్ నిండిందేమో? చాలామంది దీన్నే మర్చిపోతారు.
- ముందు ఒక్క క్లయింట్ ఐపీనే మళ్లించి పరీక్షించండి, అందరికీ టెన్షన్ ఎందుకు? క్యాష్ (ప్రాక్సీ దాచుకున్న పేజీల కాపీలు) తుడిచేయడం మాత్రం ఆఖరికి.