ఆలోచనలు ఆగకుండా పరిగెత్తుతుంటే ఏం చేయాలి? బైపోలార్ ఉన్నవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ

బైపోలార్ అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారులోకి, కొన్నాళ్లు లోతైన దిగులులోకి పోయే జబ్బు. అది ఉన్న మనిషికి ఆలోచనల వేగం పెరిగినప్పుడు ఇంట్లో మొదట వినిపించే మాట "ఎక్కువ ఆలోచించకురా" అని. ఆ మాటతో ఎవరి ఆలోచనా ఆగినట్టు నేను చూడలేదు. నిద్ర, గోళీలు, డబ్బు మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంటాయి. నల్లగొండ, పాలమూరు వైపు పనులకు, ఎండలకు తగ్గట్టు వాటిని ఎలా చూసుకోవాలో చెప్తాను.

1. ముందు అది టెన్షనో, జబ్బు వేగమో చూసుకోండి

టెన్షన్‌లో ఒకటే విషయం బుర్రలో తిరుగుతుంది: అప్పు, బిడ్డ పెళ్లి, పత్తి రేటు. మనిషి అలసిపోతాడు, నిద్ర కావాలంటాడు, కానీ పట్టదు. మేనియా, అంటే ఆ విపరీతమైన హుషారు దశ, మొదలయ్యేటప్పుడు అలా ఉండదు. కోళ్ల ఫారం పెడదామని మొదలైన మాట సర్పంచ్ ఎన్నికల మీదికి, అక్కడి నుంచి ముంబయిలో ఉన్న చిన్నాన్న మీదికి దూకుతుంది. మూడు గంటలు పడుకుని లేచినా హుషారుగానే ఉంటాడు. నిద్ర లేకున్నా అలసట లేదంటే అనుమానించాల్సిందే.

2. నిద్రను కాపాడండి

నిద్ర తగ్గడం మేనియాకు గుర్తు, దాన్ని రాజేసేది కూడా అదే. వరికోతలప్పుడు కొనుగోలు కేంద్రంలో ఏం జరుగుతుందో తెలిసిందే. రాత్రంతా వడ్ల కుప్పకు కాపలా, మబ్బు పడితే టార్పాలిన్లు కప్పడానికి ఉరుకులు, తెల్లారితే కాంటా, ఆ తర్వాత లారీ కోసం ఎదురుచూపు. వారం ఇలా గడిస్తే మామూలు మనిషికే తల తిరుగుతుంది. ఆ కాపలాకు తమ్ముణ్నో బావమరిదినో పంపండి. ఈయన పగలు కాంటా దగ్గర ఉంటే చాలు. చెరువుగట్టు జాతరకైనా, కురుమూర్తి జాతరకైనా నిక్షేపంగా పోవచ్చు, జాగారం మాత్రం వద్దు.

గోడ మీది క్యాలెండర్‌లో రోజూ ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి. వరుసగా రెండు రాత్రులు బాగా తగ్గితే, "రేపు చూద్దాం" అనకుండా డాక్టర్‌కు చెప్పండి. తొలి రోజుల్లో మందు మోతాదు కాస్త మారిస్తే సరిపోయేది, రెండు వారాలు ఆగితే అడ్మిట్ చేసేదాకా పోవచ్చు.

రాత్రి మెలకువ వస్తే లైటు వేయకండి. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. పడుకునే ముందు బుర్రలో ఉన్నవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి మూసేయండి. రాసినవి ఎంత గొప్పగా అనిపించినా ఆ రాత్రి ఎవరికీ ఫోన్ చేయొద్దు. మధ్యాహ్నం దాటాక చాయ్ కూడా వద్దు. ఈ మాట మనవైపు ఎవరికీ నచ్చదు, అయినా చెప్పక తప్పదు.

కల్లు తాగితే నిద్ర పడుతుందనేవాళ్లు ఊరికి పది మంది ఉంటారు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజెపాం లాంటి మత్తుమందులే. అవి డాక్టర్ ఇచ్చిన గోళీలతో కలిస్తే ప్రమాదం. అలాగని రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన చెప్పినట్టే తగ్గించుకోవాలి.

3. డాక్టర్‌కు రెండు రకాల రోజులూ చెప్పండి

చాలామంది దిగులుగా ఉన్నప్పుడే దవాఖానకు పోతారు. హుషారు రోజుల సంగతి ఎవరూ ఎత్తరు. అప్పుడు దిగులు తగ్గించే గోళీలు మాత్రమే రాస్తే, కొందరిలో అవే మేనియాను లేపుతాయి. అందుకే అన్నో, భార్యో, అమ్మో ఎవరో ఒకరు వెంట పోయి పాత సంగతులన్నీ చెప్పాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానల్లో మానసిక వైద్యులను అడగండి. ఇంకా అవసరమైతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక దవాఖాన ఉండనే ఉంది. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తామంటే కట్టించుకోండి, గోళీలు మాత్రం ఆపకండి.

4. లిథియం వాడేవాళ్లు ఎండాకాలం జాగ్రత్త

1949 నుంచి ఈ జబ్బుకు వాడుతున్న మందు ఇది. బాగా పనిచేస్తుంది, కానీ ఒంట్లో దాని మోతాదు కాస్త పెరిగినా విషమవుతుంది. రక్తపరీక్షలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 mEq (రిపోర్టులో mEq/L లేదా mmol/L అని ఉంటుంది) మధ్య ఉండాలి. చివరి గోళీ వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, అంటే పొద్దున గోళీ వేసుకోకముందే. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి.

మే నెలలో 44 డిగ్రీల ఎండలో చెమటతో ఒంట్లో నీళ్లు, ఉప్పు పోతే లిథియం రక్తంలో పేరుకుంటుంది. వాంతులు, విరేచనాలైనా అంతే. నీళ్లు బాగా తాగండి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించకండి. ఒళ్లు నొప్పులని ఊరి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం, ఐబుప్రోఫెన్ మింగడం ఇంకా ప్రమాదం. నొప్పికి పారాసిటమాల్ అడగండి. కొన్ని బీపీ గోళీలూ లిథియంను పెంచుతాయి కాబట్టి కొత్త డాక్టర్‌కు పాత చిట్టీ చూపించండి. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే గోళీ ఆపి వెంటనే దవాఖానకు పోవాలి.

ఈ జబ్బుకే ఇచ్చే మరో మందు వాల్ప్రోయేట్ వాడే ఆడవాళ్లు గర్భం అనుకోకముందే డాక్టర్‌తో మాట్లాడాలి, అది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

5. డబ్బుకు అడ్డుకట్ట ముందే వేయండి

వేగం పెరిగిన మనిషి చౌటుప్పల్ వైపో షాద్‌నగర్ వైపో ప్లాట్ చూసొచ్చి సాయంత్రానికి బయానా ఇచ్చేస్తాడు. అప్పుడు ఆపితే కొట్లాట. మనసు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి: ఇంత మొత్తం దాటితే రెండు రాత్రులు నిండా నిద్రపోయాకే నిర్ణయం. ఫోన్‌పేతో పంపే డబ్బుకు రోజువారీ పరిమితి తగ్గించవచ్చేమో బ్యాంకులో అడగండి. పట్టా పాసుబుక్కు, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలో అప్పుడే తేల్చుకోండి.

6. ఇలా కనిపిస్తే ఒంటరిగా వదలకండి

ఆలోచనల వేగం, చావాలన్న దిగులు రెండూ కలిసి వచ్చే రోజులు అన్నిటికంటే ప్రమాదం. మనిషిలో ఓపిక ఉంటుంది, ఆశ ఉండదు. పత్తి చేను ఉన్న ఇంట్లో పురుగుల మందు డబ్బాలు అందుబాటులో ఉంటాయి కదా, ఆ రోజే వేరే ఇంటికి చేర్చండి. "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని సూటిగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. టెలీ మానస్ 14416 నంబర్‌కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఏదైనా మింగారని తెలిస్తే 108కి ఫోన్ చేయండి, ఆ మందు డబ్బా కూడా వెంట తీసుకుపోండి.