పాత లారీ పాఠాలు – 4: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

పోయిన పాఠంలో బ్యాటరీలు, సెల్ఫ్ మోటారు చూశాం. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ముందు అది చదవండి. ఈసారి బ్యాటరీలు బాగానే ఉన్నాయి, సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇది పాత మెకానికల్ పంపు బళ్ళకే, అంటే నాజిళ్ళకి డీజిల్ కొట్టే పెద్ద పంపు కంప్యూటర్ లేకుండా నడిచే బళ్ళకే. మా రాయగడ, కొరాపుట్ వైపు కర్రకీ ఇసుకకీ ఇంకా తిరిగే టాటా 1210లు, 1613లు, లేలాండ్ కామెట్లు అన్నమాట. కంప్యూటర్ ఉన్న కొత్త బళ్ళ సంగతి వేరు.

డీజిల్ ఇంజిన్లో నిప్పురవ్వ కొట్టే స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని సుమారు 17 రెట్లు నొక్కితే ఆ గాలి డీజిల్ అంటుకునేంత వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్ని మంచులా చిమ్మితే మంట. అంటే చూడాల్సింది రెండే: డీజిల్ చేరుతోందా, గాలి తగినంత వేడెక్కుతోందా?

దీనికి జవాబు పానా పట్టకముందే సైలెన్సర్ చెప్పేస్తుంది. ఒకరు సెల్ఫ్ కొట్టండి, ఒకరు వెనక నిలబడండి. మా దగ్గర క్లీనర్ కుర్రాళ్ళని "ధూఆఁ బాహారుచి కి?" అని ఒడియాలో అడుగుతాం, పొగ వస్తోందా అని. అస్సలు పొగ లేదంటే లోపలికి డీజిల్ పోవట్లేదు. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ పోతోంది గానీ మండట్లేదు. ఈ పాఠం పొగ లేని బండికి. పొట్టంగి, సెమిలిగుడ చలిలో తెల్లవారుజామున వచ్చే తెల్ల పొగ గురించి వచ్చే పాఠంలో మాట్లాడుకుందాం.

పొగ లేదా? ముందు స్టాప్ వైరు, అంటే ఇంజిన్ ఆపడానికి డీజిల్ని కట్ చేసే వైరు, చూడండి. నవ్వకండి. నేను కొత్తలో గంటన్నర నాజిల్ పైపులన్నీ విప్పి, చేతులు కాల్చుకుని, చివరికి చూస్తే పంపు పక్కన స్టాప్ లివర్ ఆఫ్ వైపే ఇరుక్కుని ఉంది. వైరు తుప్పు పట్టి వెనక్కి రాలేదంతే. లివర్ని చేత్తో రన్నింగ్ వైపు తోసి ఒకసారి సెల్ఫ్ కొట్టండి.

అదీ కాదంటే నూటికి తొంభై సార్లు, నా లెక్కలో, ఎయిర్ పట్టినట్టే, అంటే డీజిల్ పైపుల్లో గాలి చేరినట్టే. ఇక్కడే కొత్తవాళ్ళు పొరబడతారు. ఎక్కడా డీజిల్ కారట్లేదు, లీకు లేదు అంటారు. ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టరుకీ పెద్ద పంపుకీ పంపేది ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి దాని దాకా ఉన్న పైపు పీల్చే పైపు. ఆ పైపుకి చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చూస్తే పొడిగానే ఉంటుంది. సాలూరు దాటాక సుంకి ఘాటీ ఎక్కి, రాత్రి ఎగువకు ముక్కు పెట్టి బండి ఆపి పడుకున్నారనుకోండి. ముదిరిన రబ్బరు పైపులోంచి గాలి చేరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. సాయంత్రం బంగారంలా లాగిన బండి పొద్దున్న మొరాయిస్తుంది. ట్యాంకులో డీజిల్ తక్కువుంటే ఇంకో తిప్పలు: ఏటవాలులో డీజిల్ ఒక పక్కకి ఒరిగి, పీల్చే గొట్టానికి అందదు. ఆ ఘాటీ రోడ్డు హైవే నంబరు ఇప్పుడు 26, పాత డ్రైవర్లకి ఇంకా 43 రోడ్డే. నంబరు మారినా ఎక్కుడు మారలేదు.

ఎయిర్ తీసే పద్ధతి. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టండి, గేరు న్యూట్రల్, బీడీ దూరంగా. ఫీడ్ పంపు మీదున్న హ్యాండ్ పంపు పిడి తిప్పి పైకి తీయండి. డీజిల్ ఫిల్టరు తల మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) కొంచెం లూజు చేసి కొడుతూ ఉండండి. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిండు డీజిల్. డీజిల్ వస్తుండగానే స్క్రూ బిగించాలి, కొట్టడం ఆపి బిగిస్తే మళ్ళీ గాలి. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని. అయ్యాక పిడిని కిందికి నొక్కి తిప్పి బిగించడం మరవకండి.

కొట్టేటప్పుడు చేతికి తెలిసేదే అసలు విద్య. పిడి పైకి లాగడం బరువుగా ఉండి, వదిలితే తనే కిందికి పోతుంటే ట్యాంకు వైపు అడ్డం ఉంది: జాలీలో చెత్త, నలిగిన పైపు. నొక్కడం బరువుగా ఉంటే ముందున్న ఫిల్టరు మూసుకుపోయింది. రెండు వైపులా తేలిగ్గా ఆడుతుంటే గాలి పీలుస్తోంది, లేదా ఫీడ్ పంపు వాల్వులు పోయాయి.

ఎయిర్ తీశాక స్టార్టయి, పది నిమిషాల్లో మళ్ళీ ఆగిపోతే గాలి ఎక్కడినుంచో వస్తూనే ఉంది. అప్పుడు ఈ చిట్కా: ట్యాంకు పైపు విప్పేసి, ఫీడ్ పంపుకి కొత్త రబ్బరు పైపు తగిలించి, క్యాబిన్ పక్కన ఎత్తుగా పెట్టిన డబ్బాలోని డీజిల్లో ముంచండి. బండి హాయిగా నడిస్తే తప్పు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యే. ఆ పైపు, రాగి వాషర్లు మార్చండి. పాత వాషరు మీద టేపు చుట్టి కాలం గడిపేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళు మళ్ళీ ఘాటీలో కనిపిస్తారు.

ఎయిర్ తీసినా పొగ లేకపోతే రెండు నాజిళ్ళ దగ్గర పైపు నట్లు 17 లేదా 19 పానాతో ఒక చుట్టు లూజు చేసి సెల్ఫ్ కొట్టించండి. నట్టు దగ్గర డీజిల్ ఉబికి రావాలి. చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడి డీజిల్ చర్మంలోంచి దూరిపోతే చెయ్యే పోవచ్చు. ఉబికి రాకపోతే పంపు షెడ్డుకి తీసుకెళ్ళాల్సిందే, మనం విప్పేది కాదు.

సెల్ఫ్ ఒక్కసారికి 10, 15 సెకన్లు మించి కొట్టకండి, మధ్యలో నిమిషం ఆగండి. దిగుడులో తోసి స్టార్ట్ చేద్దామన్న మాట ఘాటీలో అస్సలు వినొద్దు. ఇంజిన్ నడవకపోతే బ్రేకు పట్టడానికి కావాల్సిన ఎయిర్ నిండదు.

ఈ వారం పని: మీ బండి డీజిల్ ఫిల్టరు అడుగు స్క్రూ విప్పి, వచ్చిన డీజిల్ని గాజు సీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పొద్దున్న అడుగున తేటగా వేరే పొర కనిపిస్తే అది నీళ్ళు. ఎంత ఎత్తు ఉందో సీసా మీద పెన్నుతో గీత గీసి పెట్టుకోండి, వచ్చే పాఠానికి కావాలి.