ఐబీఎస్ ఉన్నవారు తమకు పడని ఆహారాన్ని గుర్తించే పద్ధతి

కడుపునొప్పి, ఉబ్బరం, ఒక వారం విరేచనాలు, మరో వారం మలబద్ధకం నెలల తరబడి వేధిస్తుంటే అది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగుల పనితీరులో వచ్చే దీర్ఘకాలిక సమస్య) కావచ్చు. అయినా ఏ పదార్థాన్నైనా మానే ముందు వైద్యుణ్ణి కలవాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉన్నా, 50 ఏళ్లు దాటాక బాధ మొదలైనా, దాన్ని ఐబీఎస్ అని ఇంట్లోనే తీర్మానించుకోకూడదు. గోధుమ పడని సీలియాక్ వ్యాధిని పట్టే రక్తపరీక్ష గోధుమ తింటున్న రోజుల్లోనే సరైన ఫలితం ఇస్తుంది కనుక, ఆ పరీక్ష అయ్యేవరకు చపాతీలు మానవద్దు.

ఐబీఎస్ అని తేలాక మొదటి రెండు వారాలు ఏమీ మార్చకుండా, తిన్నది, తిన్న వేళ, నొప్పి, విరేచనం తీరు, నిద్ర ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఉదయం ఏమీ తినకుండా ఆఫీసుకు వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి బిర్యానీ నిండుగా తినేవారికి కొన్నిసార్లు పదార్థం కన్నా ఆ వేళే ఎక్కువ బాధ పెడుతోందని ఈ రాతలోనే బయటపడుతుంది.

ఆ తరువాతి పద్ధతి ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన లో-ఫాడ్‌మ్యాప్ ఆహారం. ఫాడ్‌మ్యాప్‌లు అనే కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులో సరిగా ఇంకక నీటిని లాగుతాయి, ఆపై పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టడంతో గ్యాస్ పుడుతుంది. ఇది అందరికీ జరిగేదే గాని, ఐబీఎస్ ఉన్నవారి పేగు నరాలు ఆ నీరు, గ్యాస్ వల్ల పేగు సాగడాన్ని నొప్పిగా అందుకుంటాయి. అందుకే ఇలాంటి పదార్థాలను 2 నుంచి 6 వారాలపాటు తగ్గించి చూడాలి. వీలైతే డైటీషియన్ పర్యవేక్షణలో చేయడం మంచిది.

మన వంటింట్లో అన్నిటికన్నా కష్టమైనవి ఉల్లి, వెల్లుల్లి. వాటిలోని ఫ్రక్టాన్లు అనే ఫాడ్‌మ్యాప్‌లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి పులుసులో ఉడికిన ఉల్లిముక్కలను పక్కకు తీసి తిన్నా ఫలితం ఉండదు. వెల్లుల్లి రెబ్బలను వేడినూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతోనే తాలింపు పెడితే వాసన దక్కుతుంది, బాధ తప్పుతుంది. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగాన్ని నిశ్చింతగా వాడవచ్చు. అల్లం మంచిదే, బజారులో కొనే అల్లంవెల్లుల్లి ముద్దే వద్దు. ఇంగువ డబ్బా మీద మైదా లేదా గోధుమపిండి కలిపినట్టు ఉందేమో చదవండి. హలీంలో గోధుమ, పప్పులు, వేయించిన ఉల్లి ఒకే గిన్నెలో కలుస్తాయి కనుక, ఈ వారాలు రంజాన్ నెలలో పడకుండా ముందే చూసుకుంటే మనసుకు కష్టం తగ్గుతుంది.

అన్నం, జొన్నరొట్టె, క్యారెట్, వంకాయ, బీన్స్, పాలకూర, బంగాళాదుంప, గుడ్లు, చేపలు, చికెన్ ఈ కాలమంతా తినవచ్చు. గోధుమ, శనగలు, రాజ్మా మానాలి. పప్పు తప్పనిసరైతే పెసరపప్పును నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి కొద్దిగా వండుకోండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషక పట్టికల్లో మన పప్పుల్లోని, పేగులో ఇంకని ఇలాంటి చక్కెరల పరిమాణాలు కూడా ఉన్నాయి. మామిడి, కాలీఫ్లవర్, తేనె, పాలు కూడా ఆపాలి. ఇరానీ చాయ్‌లో చిక్కగా మరిగిన పాలకు కెఫీన్ తోడవుతుంది, పక్కనున్న ఉస్మానియా బిస్కట్ మైదా. కారం, వేపుళ్లు ఫాడ్‌మ్యాప్ జాబితాలో లేకపోయినా, మిరపలోని క్యాప్సైసిన్ పేగు నొప్పిని పెంచగలదు, కొవ్వు పేగు కదలికలను రెచ్చగొడుతుంది కనుక మిర్చి బజ్జీని కూడా పక్కన పెట్టండి. మలబద్ధకానికి గోధుమ తవుడు కన్నా ఇసబ్‌గోల్ నయం. చెంచా చొప్పున మొదలుపెట్టి నీళ్లు బాగా తాగాలి.

చాలామంది ఉపశమనం దొరకగానే ఇక్కడే ఆగిపోతారు. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పొరపాటు. ఏళ్ల తరబడి ఇలాగే తింటే పోషకాలు తగ్గుతాయి, పేగులోని మేలు చేసే బ్యాక్టీరియాకు ఆహారం కరువవుతుంది. ఆరు వారాలకూ మార్పు లేకపోతే ఈ ఆహారాన్ని వదిలి మళ్లీ వైద్యుణ్ణి కలవాలి. మార్పు ఉంటే ఒక్కొక్క పదార్థాన్నే తిరిగి పరీక్షించాలి. మొదటిరోజు సగం చపాతీ, రెండోరోజు ఒకటి, మూడోరోజు రెండు; మిగతా ఆహారం మార్చకూడదు. నొప్పి వస్తే వెంటనే ఆపి, తగ్గాక ఇంకో రెండు మూడు రోజులు ఆగి తరువాతి పదార్థానికి వెళ్లాలి. ఉల్లిని, వెల్లుల్లిని, కందిపప్పును, అరగ్లాసు పాలను, మామిడిముక్కను ఇలాగే విడివిడిగా చూడాలి. చపాతీ ఒక్కటే పడి, ఉల్లికూర కొద్దిగా పడి, రెండూ కలిసిన పూట మాత్రం ఉబ్బరం వస్తే, మొత్తం మోతాదు హద్దు దాటిందని అర్థం. వాటిని వేర్వేరు పూటలకు మార్చుకోండి. పడనివని రాసుకున్న వాటిని కూడా కొన్ని నెలల తరువాత మళ్లీ కొద్దిగా తిని చూడండి. ఓర్చుకునే శక్తి మారుతూ ఉంటుంది.